శివారు ఇంటికి అందని నెట్

ఇలాంటివి నేను ఎప్పుడో రాసి ఉండేదాన్ని. రాయకపోవడానికి కారణం బాతులు.

మా అమ్మానాన్నలు బాతులు మేపేవాళ్ళు. కొల్లేటి లంకలో పుట్టానన్న మాటే గాని ఆ లంకలో ఏడాది పొడుగునా ఉన్నది లేదు. కోతలైపోయిన చేలల్లో రాలిన గింజల కోసం, నత్తల కోసం మందను తోలుకుంటూ ఊరి తర్వాత ఊరు పోయేవాళ్ళం. ఉండి దగ్గర కొన్నాళ్ళుంటే, అక్కడి గింజ అయిపోగానే మరో చోటు. ఆ చుట్టుపక్కలే ఒక ఊళ్ళో బడి పంతులుగారు నన్ను పిలిచి పలక ఇచ్చి కూర్చోబెట్టారు. అక్షరం దిద్దుతుండగానే మా నాన్న గుమ్మంలోకి వచ్చి, మంద కదిలింది లెమ్మన్నాడు. పలక అక్కడే పెట్టి వచ్చేశాను. ఆకలేసిన బాతులు పిల్ల చదువు కోసం ఆగవు. పెళ్ళయి, దెందులూరు నుంచి లోపలికి కాలవగట్టు వెంట వచ్చే ఈ ఊళ్ళో కాపురం పెట్టేదాకా ఒకే ఇంట్లో రెండు పండుగలు చేసుకున్నట్టు నాకు గుర్తులేదు. కాపురానికొచ్చాక కూలికి పోవడం, పిల్లలు, కౌలు చేను. చదువు మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. మా చర్చి పాస్టరుగారి భార్య, మేమంతా పాస్టరమ్మగారనీ అమ్మగారనీ పిలిచే ఆవిడ, మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి చదువు చెప్పడం మొదలుపెట్టారు. మొదట్లో చాప నిండిపోయేది. నాట్లు వచ్చేసరికి సగం మంది పోయారు. కలుపు రోజులకి మిగిలినవాళ్ళూ పోయారు. నేను మానలేదు. నాకై నేను మొట్టమొదట చదివింది చేపల మేత బస్తా మీద ఉన్న మాట: తడి తగలనీయరాదు. ఇంట్లో పెద్దగా చదివి వినిపించాను. మా ఆయన బస్తా వంక చూసి, "అయితే ఆ మూలకి జరుపు, ఇక్కడ కురుస్తంది" అన్నారు. మెచ్చుకోలు అంతే.

ఇక మా తోటికోడలి సంగతి చెప్పాలి. ఆమెది తాడేపల్లిగూడెం. రైసుమిల్లు పక్క వీధిలో పెరిగి పదో తరగతి పాసయింది. మా మరిదిని చేసుకుని వచ్చిన మొదటి ఆదివారమే ఆమెను వాక్యం చదవమన్నారు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు దించాలో అక్కడ దించి చదివింది. ఫ్యాన్ల కింద చీరలు సర్దుకునే ఆడవాళ్ళు కూడా సర్దుకోవడం ఆపి విన్నారు. ఆ రోజు నుంచి మా చర్చిలో ఏ పండుగైనా చదివేది ఆమే. చదివి బయటికి వచ్చాక నా చేయి పట్టుకుని, "అక్కా, బాగా చదివానాండీ?" అని అడుగుతుంది. బాగా చదివావనే చెప్పేదాన్ని. అలా చెప్పిన రోజు నాకు అన్నం సయించేది కాదు.

ఆమె చీరలను చూసి నాకు ఎప్పుడూ కుళ్ళు పుట్టలేదు. వాళ్ళు డాబా వేసుకున్నప్పుడూ పుట్టలేదు. మా మరిది చేపల లోడు వ్యాను నడుపుతాడు, సంపాదించాడు, వేసుకున్నాడు. నా అసూయంతా ఆమె నోటి మీద. పెద్దకోడలిని నేను. ఆమె నిలబడి చదువుతుంటే కింద చాప మీద కూర్చుని తలూపేది కూడా నేనే.

కిందటి శీతాకాలం పాస్టరమ్మగారి తల్లి మంచాన పడ్డారు. ఆవిడని చూసుకోవడానికి అమ్మగారు ఏలూరు వెళ్ళి అక్కడే ఉండిపోయారు. సాయంత్రం ఆడవాళ్ళ ప్రార్థన ఆగిపోకూడదని దాన్ని ఫోన్లోకి మార్చారు. గ్రూపులో వచ్చే నీలం అక్షరాల మీద వేలు పెడితే అందరి ముఖాలూ గళ్ళు గళ్ళుగా వస్తాయి. రోజుకొకరు వాక్యం చదవాలి. దానికోసమే ఏలూరులో నాకొక ఫోను కొన్నాం. "అన్‌లిమిటెడ్ ప్లాను వేశానమ్మా, ఇక మీ ఇష్టం, ఎంతైనా వాడుకోండి" అన్నాడు కొట్టతను. ఎంతైనా అన్న మాట నాకు బాగా నచ్చింది.

ఒక సాయంత్రం ప్రార్థన అయ్యాక అమ్మగారు అన్నారు: "ఈసారి దాళ్వా కోతపండక్కి వాక్యం కొత్తవాళ్ళ చేత చదివిద్దామనుకుంటున్నానమ్మా. పండగ దాకా మీరు చదివేది వింటాను, విని చెప్తాను."

ఆ మాట నన్ను చూసే అన్నారనిపించింది. గళ్ళలో ఎవరు ఎవరిని చూస్తున్నారో తెలియదు గాని, అనిపించింది.

దాళ్వా అంటే మా వైపు రెండో పంట. ఆ కోతపండుగ మా దగ్గర పెద్ద పండుగ. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు తెస్తారు. చెరువులున్నవాళ్ళు బతికున్న చేపల్ని తొట్లలో తెచ్చి బల్ల ముందు పెడతారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా వస్తారు. ఆ జనం ముందు నిలబడి, పుస్తకం చూసి, నా గొంతుతో చదవాలని ఆశపడ్డాను. నేను చదువుతుంటే మా తోటికోడలు చాప మీద కూర్చుని వినాలని కూడా ఆశపడ్డాను. రెండిట్లో ఏది పెద్ద ఆశో చెప్పలేను.

నా వంతు వచ్చింది. పగలంతా చూసుకున్న భాగమే. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఒక వాక్యం పూర్తి కాకముందే తెర మీద గుండ్రం తిరగడం మొదలైంది. ముఖాలన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఒకావిడ నోరు సగం తెరిచి అలాగే ఉండిపోయింది. నేను ఆపలేదు. చదువుతూనే ఉన్నాను.

"ఆగి ఆగి వస్తందమ్మా" అన్నారు అమ్మగారు.

"కంగారు పడకు వదినా, కూడబలుక్కో" అంది ఒకావిడ.

"తొందరేం లేదు పెద్దమ్మా, ఒక్కో అక్షరం పట్టుకో" అంది ఒక చంటిపిల్ల తల్లి.

నేను కూడబలుక్కోవడం లేదు. గడగడా చదువుతున్నాను. నా నోటిలోంచి సాఫీగా వెళ్ళింది అక్కడికి చేరేసరికి ముక్కలవుతోంది. అది వాళ్ళకెలా చెప్పను? చెబితే ఆ చెప్పింది కూడా ముక్కలుగానే చేరుతుంది.

అంతలో మా తోటికోడలి గొంతు. మా రెండిళ్ళకీ మధ్య పిట్టగోడ ఒక్కటే అడ్డం. ఆమె మాట ముందు గోడ మీదుగా వచ్చింది, కాసేపటికి అదే మాట నా ఫోన్లోంచి వచ్చింది. "అమ్మగారూ, అక్క ఇబ్బంది పడుతున్నారండి. నేనందుకుంటానండి."

అందుకుంది. చివరిదాకా చదివింది. అందరూ ఆమెన్ అన్నారు.

అక్కడితో పోలేదు. ఆ తర్వాత నా వంతు వచ్చినప్పుడల్లా అదే తంతు. తెల్లారగట్ల ఫోను చక్కగా పరుగెత్తేది. సాయంత్రానికి చతికిలబడేది. ఎందుకో నాకు నేనే తేల్చుకున్నాను. అవి దాళ్వా రోజులు. కాలవకి వంతులు పెట్టారు. పై చేలవాళ్ళు తమ వంతు అయిపోయినా తూము దించకుండా తోడేసుకుంటే శివారు చేలకి నీళ్ళందవు. మా కౌలు చేను శివారే. మా ఆయన రోజూ ఆ గొడవే ఇంటికి మోసుకొచ్చేవారు. నేను అన్నం వడ్డిస్తూ ఆలోచించాను. సెల్ టవరు కాలవకి నీళ్ళు వదిలే లాకుల దగ్గరుంది. లాకుల నుంచి గట్టు వెంట వస్తే ముందు మరిది ఇల్లు, తర్వాత మా ఇల్లు, ఆపైన అంతా చేలే. వాళ్ళింట్లో మరిది ఫోను, ఆమె ఫోను, పిల్లల ఫోన్లు, గోడకి పెద్ద టీవీ. తెల్లారగట్ల వాళ్ళు నిద్రపోతుంటారు కాబట్టి నాకు అందుతోంది. సాయంత్రం అందరూ ఇంటికి చేరతారు కాబట్టి అందడం లేదు. ఇందులో తప్పేముంది?

"ఏవండీ, మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి" అన్నాను.

"ఏమని?"

"సాయంత్రం ప్రార్థనయ్యేదాకా నెట్టు కట్టెయ్యమని. పై ఇంటివాళ్ళు లాగేసుకుంటే శివారింటికి ఎలా వస్తది?"

ఆయన ముద్ద కలుపుతూ ఆలోచించారు. "పైవాడు చెప్తే కట్టడే. కట్టినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు" అన్నారు.

అందుకని నేనే వెళ్ళాను. మా తోటికోడలు పంపు దగ్గర కూర్చుని చేపలు బండకేసి తోముతోంది.

"అమ్మాయ్, ప్రార్థన టైముకి మీవాళ్ళు ఫోన్లు కాసేపు కట్టేస్తే మా ఇంటిదాకా అందుద్ది" అన్నాను.

"ఏంటక్కా అందేది?"

"నెట్టు."

ఆమె చేతిలో చేప జారి పళ్ళెంలో పడింది. అంత నవ్వింది. "అదేమన్నా కాలవాండీ అక్కా, మేం తూమెత్తేసుకోడానికి? మాది కేబులండి, వైరులో వస్తది. మీది టవరండి. మేం వాడుకుంటే మీకెందుకు తగ్గుద్ది?"

ఆ నవ్వుకి నాకు మండింది. "అది సరే. నేను చదివేది గోడ మీంచి నీకు వినబడుద్దిగా? నేను తడబడ్డానా? ఇబ్బంది పడుతున్నానని అమ్మగారికి ఎలా చెప్పావు?"

ఆమె నవ్వు ఆపి చేప తోకని పరీక్షగా చూసింది. "మా ఫ్యాను మోతలో ఏం వినబడదక్కా" అంది. తర్వాత ముఖం వెలిగించుకుని, "పోనీ ఒక పని చేయండి. రేపట్నించి మా అరుగు మీదికొచ్చి కూర్చోండి. మా వైఫైలో చదవండి. తడబడితే నేను పక్కనే ఉండి అందిస్తాను" అంది.

ఆ చివరి మాట దాకా నాకు వెళ్దామనే ఉంది. ఆ మాట విన్నాక వచ్చేశాను.

మర్నాడు మా ఆయన్ని బండి తీయించి, దెందులూరు దగ్గర హైవే పక్కనున్న రీఛార్జి కొట్టుకి వెళ్ళాం. కొట్టతను ఫోను అటూ ఇటూ తిప్పి, "ప్లాను బాగానే ఉందండి. అన్‌లిమిటెడ్డేనండి" అన్నాడు.

"మరి సాయంత్రానికి ఎందుకు రావట్లేదు?"

"వస్తదండి, ఆగదండి. నెమ్మదిగా వస్తది. రోజుకింత అని స్పీడు ఇస్తాడండి. అది వాడేశాక మళ్ళీ రాత్రి పన్నెండు దాటేదాకా స్పీడు తగ్గించేస్తాడు."

"ఎంతైనా వాడుకోమన్నాడే ఏలూరు కొట్టతను?"

"వాడుకోవచ్చండి. నెమ్మదిగా వాడుకోవచ్చు. ఆ ముక్క చిన్నచ్చులో ఉంటదండి."

"నాకు చిన్నచ్చు చదవడం కూడా వచ్చు. చూపించు."

అతను మా ఆయన వంక చూసి నసిగాడు. "అది ఇంగ్లీషులో ఉంటదండి."

మా ఆయనకి సంగతి అర్థమైంది. "అంటే లాకుల దగ్గరే దించేస్తున్నాడన్నమాట. నా తమ్ముడి తప్పేం లేదు" అన్నారు, తమ్ముడి మీద నేరం పోయినందుకు తెరిపిన పడి.

"మీరు కూడా మధ్యాహ్నానికే మొత్తం వాడేస్తున్నారండి. వీడియోలు బాగా చూస్తారాండీ?" అన్నాడు కొట్టతను.

"నేనా? ఏమీ చూడను" అన్నాను.

అతను ఏదో నొక్కి తెర మా వైపు తిప్పాడు. "ఒకటే వీడియోనండి. పొద్దుట్నించీ ఇదే తిరుగుతా ఉంది."

మా ఆయన వంగి చూశారు. ఆకుపచ్చ చీర కట్టుకుని, పుస్తకం పట్టుకుని, మా తోటికోడలు. కిందటి కోతపండుగ నాడు ఆమె చదువుతుంటే మా చర్చి కుర్రాళ్ళు తీసి నెట్లో పెట్టింది.

అవును, చూస్తాను. పొయ్యి వెలిగించగానే ఫోను డబ్బాకి ఆనించి అది పెట్టేదాన్ని. బియ్యం ఏరుతూ చూసేదాన్ని, అంట్లు తోముతూ వినేదాన్ని. అయిపోతే మళ్ళీ పెట్టేదాన్ని. నేర్చుకోవడానికి చూశానని రాస్తే బాగుంటుంది. కొంత నేర్చుకున్నాను కూడా. కాని చూసింది మాత్రం తప్పు దొరుకుతుందేమోనని. ఒక చోట దొరికింది. ఒక పెద్ద మాట దగ్గర ఆమెకి ఊపిరి చాలక మధ్యలో పీల్చుకుంటుంది. చాలా చిన్నది, నేను తప్ప ఎవరూ పట్టరు. ఆ చోటికి మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూసేదాన్ని. చూసినప్పుడల్లా కడుపు చల్లబడేది. ఆ వెంటనే ఆమె మళ్ళీ అందుకుని చివరిదాకా హాయిగా చదివేసేది, నాకు మళ్ళీ మండేది, మళ్ళీ మొదటికి తిప్పేదాన్ని.

తిరిగి వస్తుంటే చేపల చెరువులు దాటాక మా ఆయన బండి నెమ్మది చేశారు. తర్వాత ముందుకే చూస్తూ, "మన తూము మనమే ఎత్తేసుకున్నామే" అన్నారు. వెనక కూర్చుని ఆయన వీపు చూస్తూ ఉండిపోయాను. ఆ వీపు కదులుతున్న తీరు చూస్తే నవ్వుతున్నారని తెలిసింది.

మళ్ళీ నా వంతు వచ్చిన రోజు నేను ఫోను ముట్టలేదు. బట్టల కింద పెట్టాను. పొయ్యి దగ్గర ఏమీ వినబడకపోతే చేతులు ఆడలేదు. ఆ ఊపిరి పీల్చుకునే చోటు మనసులో తిరుగుతూనే ఉంది, దానికి నెట్ అక్కర్లేదు. సాయంత్రం నీలం అక్షరాల మీద వేలు పెట్టగానే గళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. అందరి ముఖాలూ కదులుతున్నాయి. చదివాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఎక్కడా గుండ్రం తిరగలేదు. పెద్ద మాటలు వచ్చినప్పుడు ముందే ఊపిరి తీసుకున్నాను. ముగించాక ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం చాలా బాగుంది.

అప్పుడు అమ్మగారు అన్నారు: "ఎంత చక్కగా అప్పజెప్పావమ్మా!"

"వదిన మొత్తం కంఠతా పట్టేసిందండి" అంది ఒకావిడ.

"అక్కకి మొదట్నుంచీ జ్ఞాపకశక్తి ఎక్కువండి అమ్మగారూ." ఇది మా తోటికోడలు. గోడ మీదుగా ఒకసారి, ఫోన్లోంచి ఒకసారి, ఆ మెప్పు రెండుసార్లు వినవలసి వచ్చింది.

ఆ మాట అబద్ధమూ కాదు. అక్షరాలు రాని రోజుల్లో ఎవరు చదివినా ఒక్కసారి విని పట్టేసేదాన్ని. పుస్తకం ఏదో ఒక చోట తెరిచి పెట్టుకుని అందరితో కలిసి పైకి చెప్పేదాన్ని, తప్పు పోయేది కాదు. అది ఊరందరికీ తెలుసు. ఇప్పుడు అదే నా నెత్తిన పడింది. ఫోను నత్తిగా ఉన్నన్నాళ్ళూ నాకు చదువు రాదనుకున్నారు. అది బాగుపడ్డాక చూడకుండా చెబుతున్నాననుకున్నారు.

"చూసి చదివానండీ" అన్నాను.

"సరేనమ్మా, సంతోషం" అన్నారు అమ్మగారు, పిల్లలతో అన్నట్టు. "పండగ వాక్యం మటుకు కొత్త భాగమమ్మా. అంతమంది ముందు మధ్యలో మర్చిపోతే నీకే చిన్నతనం. ఈసారికి మీ చెల్లే చదువుద్దిలే."

పిట్టగోడ అవతల మా తోటికోడలు "అలాగేనండి" అంది. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

మర్నాడు తెల్లారగానే ఇంటి పని ముగించి తల దువ్వుకున్నాను. "ఎక్కడికే?" అన్నారు మా ఆయన. "ఏలూరు" అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా హైవే దాకా బండి మీద దింపారు. బస్సెక్కి అమ్మగారు ఉంటున్న ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి ఆవిడ హడలిపోయారు, ఊళ్ళో ఎవరికేమైందోనని. ఎవరికీ ఏమీ కాలేదని చెప్పాను. లోపల మంచం మీద వాళ్ళమ్మగారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

"కూర్చోమ్మా, కాఫీ తెస్తాను."

"కాఫీ తర్వాత తాగుతానండి. ముందు నేనెప్పుడూ చూడంది ఏదైనా ఇవ్వండి, చదువుతాను."

ఆవిడ గుమ్మంలో పడి ఉన్న ఆవేళ్టి పేపరు తీసి, ఎవరూ చదవని లోపలి పేజీ మడిచి ఇచ్చారు. నిలబడే చదివాను. ధాన్యం తేమ గురించి, మిల్లర్ల గురించి ఏదో ఉంది. కొంత సాఫీగా సాగింది. "ప్రత్యామ్నాయ" అన్న మాట దగ్గర నిజంగానే ఆగిపోయాను. వత్తు దగ్గర తడబడ్డాను, వెనక్కి వెళ్ళి మళ్ళీ పట్టుకున్నాను, అప్పటికి వచ్చింది. ఆగకుండా కింది దాకా చదివాను.

పేపరు దించేసరికి అమ్మగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. "తడబడితే ఇలా తడబడతావన్నమాట" అన్నారు. "ఫోన్లో విన్నది ఇది కాదమ్మా. అది వేరు."

"అదేనండి నేను చెప్పుకోవడానికొచ్చింది."

ఆవిడ పండుగ వాక్యం తీసి చూసి, వేలితో మధ్యలో ఒక చోట ఆపారు. "ఇక్కడిదాకా నువ్వు చదువు. ఇక్కణ్ణించి మీ చెల్లి. ఆవిడకి మాటిచ్చేశాను కదా."

"ఎవరిది ఎక్కువండీ?"

అమ్మగారికి నవ్వొచ్చింది గాని ఆపుకున్నారు. "ఆవిడదేనమ్మా."

"ముందు లేచేది నేనే కదండీ?"

"నువ్వే."

కాఫీ తాగాను. నా భాగం కాగితం మీద నా చేత్తోనే రాసుకున్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఆ కాగితం తీసి, గొంతు ఎక్కడ దించాలో చూసుకుంటూ, దెందులూరు వచ్చేదాకా పైకే చదివాను. పక్కనున్నావిడ మొదట నా వంక చూసింది, తర్వాత సంచి ఒళ్ళో పెట్టుకుని కాస్త అవతలికి జరిగి కూర్చుంది.